మేకుకు వేలాడే బీగంచెవి

గౌరి పొద్దుటి టిఫినుకు ఉగ్గాని చేద్దామని నానబెట్టిన బొరుగులు పిండుతుంటే మొగుడు శేషాద్రి వచ్చి వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు. మంచినీళ్లు కావాలన్నా హాల్లోంచే కేకేసే మనిషి ఇంతదూరం రావడమే గౌరికి వింతగా అనిపించింది.

"పోలీసోళ్లు ఈపొద్దు ఇంటికొస్తారంట. నిన్నేమన్నా అడిగితే నాకేమీ తెలీదను. ఒక్క మాట ఎక్కువ మాట్లాడినావంటే జమ్మలమడుగు బస్సెక్కించి మీ అన్న ఇంటికి పంపిస్తా, చూసుకో."

గౌరికి నవ్వొచ్చింది, నవ్వు వెనకే కడుపు మండింది. పెళ్లయి ప్రొద్దుటూరొచ్చిన నాటి నుంచి ఈ ఇంట్లో విన్న మాట ఒక్కటే: నీకేం తెలుసు. బట్టలకొట్లోకి కొత్త చీరలొస్తే ఏ రంగు ఆడవాళ్లకు నచ్చుతుందో చెప్పబోయింది, నీకేం తెలుసన్నాడు. మేడ మీద గదికి సున్నం వేయించిందీ, మెట్లు కడిగేదీ, మోటరు వేసేదీ తనే. అయినా గది అద్దెకిచ్చేనాడు నీకేం తెలుసు, లోపలికి పొమ్మన్నాడు. ఇన్నేళ్లూ వాళ్లే అన్నారు కదా ఆ మాట! ఇప్పుడు తన నోటితో చెప్పించుకోవాల్సిన ఖర్మ వాళ్లకెందుకు పట్టిందట?

ఆమెకు తెలుసు కాబట్టే.

మేడ మీద గదిలో సుకన్య ఉంటుంది. ముద్దనూరు పిల్ల, ఓ ఆసుపత్రి ల్యాబులో రక్తపరీక్షలు చేస్తుంది. పోయిన ఆదివారం ఊరికి పోయి మర్నాడు తిరిగొచ్చి చూసుకుంటే ల్యాప్‌టాప్ లేదు, బీరువాలో దాచుకున్న వాళ్లమ్మ గొలుసూ లేదు. వేసిన బీగం వేసినట్టే ఉంది. పోయిన తల్లికి గుర్తుగా ఆ పిల్లకు మిగిలింది ఆ గొలుసొక్కటే. మెట్ల మీదే కూలబడి ఏడ్చింది.

ఆ బీగానికి రెండో చెవి ఈ వంటింట్లోనే, చింతపండు జాడీ పైన మేకుకు వేలాడుతుంటుంది. ఆ ఆదివారం మధ్యాహ్నం గౌరి దోసెపిండి రుబ్బుతుంటే మరిది సాయినాథ్ వచ్చాడు. "వదినా, పైన గదిలో కొళాయి కారుతాండాదంట. బీగంచెవి ఇయ్యి, చూసొస్తా." చేతులనిండా పిండి. "ఆడుంది చూడు, తీసుకో," అంది. పైన ఏ కొళాయీ కారలేదని మర్నాడు తాను సుకన్య గదిలోకి పోయాక తెలిసింది. సాయినాథ్‌కు క్రికెట్ పందేల పిచ్చి అని ఇంట్లో అందరికీ ఎప్పట్నుంచో తెలుసు.

అత్త లక్ష్మీకాంతమ్మ మాత్రం నోటికొచ్చినట్టు అనేసింది. "ఒంటి ఆడది. ఎవురెవురు వచ్చిపోతాండారో, ఆ గొలుసు అసలుందో లేదో! ఖాళీ చేయించు శేషాద్రీ." గౌరి పెళ్లయిన కొత్తలో పుట్టింటి గాజులు పోయినప్పుడూ ఈ గొంతే. "ఇంట్లో పోయినదానికి కేసేంది గౌరీ? ఇంట్లోనే యాడో ఉంటాయిలే." అవి ఈనాటికీ ఎక్కడా లేవు. గౌరి మాత్రం వెతకడం మానేసింది.

సుకన్య మానలేదు. స్టేషన్లో మొదట ఇంటివాళ్లతో మాట్లాడుకొని రాజీ పడమన్నారట. నిన్న గౌరి మేడ మీద బట్టలారేస్తుంటే పక్కకొచ్చి చెప్పింది.

"కోర్టు కాడ ఆడోళ్లకు ఫీజు లేకుండా లాయరునిస్తారక్కా. ఆమెను కలిసినా. కేసు కట్టకపోతే ఫిర్యాదు ఎస్పీకి పోస్టులో పంపు, ఆడా కదలకపోతే మేజిస్ట్రేటు దగ్గరికి పోదాం అనింది. ఆ మాట చెప్తానే కేసు కట్టినారు, కాపీ గూడా ఇచ్చినారు. ఆడమనిషివి గదా, నిన్ను సాక్షిగా స్టేషన్‌కు పిలవకూడదంట, ఇంటికే వచ్చి అడగాలంట."

ఆ తర్వాత తడిచీర కొస పట్టుకుని సూటిగా చూసింది. "బీగం పగల్లేదు గదా. నీకేమన్నా తెలుసా అక్కా?"

ఈ ఇంట్లో గౌరిని ఆ మాట అడిగిన మొదటి మనిషి ఆ పిల్లే. అలాంటి పిల్ల ముందు "తెలీదు పాపా" అని తలొంచుకుని మెట్లు దిగొచ్చేసింది. రాత్రి అన్నం సయించలేదు. సిగ్గుతో చచ్చిపోయింది. మొగుడి మాట వినీ వినీ, చివరికి తనకేమీ తెలీదని తానే అనేసుకుంది కదా!

పదకొండు దాటాక ఎస్సై వచ్చింది. ఆడమనిషే. వెంట ఒక కానిస్టేబులు. సుకన్య తలుపు దగ్గర నిలబడింది. సాయినాథ్ సోఫాలో ఫోన్ చూసుకుంటున్నాడు. గౌరి కాఫీలు తెచ్చింది.

"ఆదివారం మధ్యాహ్నం ఇంట్లో ఎవరున్నారమ్మా?" ఎస్సై గౌరినే అడిగింది.

శేషాద్రి అందుకున్నాడు. "దాన్నడిగి లాభంల్యా మేడం. పొద్దస్తమానం వంటింట్లోనే ఉంటాది. దానికేం తెలుసు?"

"ఆమెను చెప్పనీండి."

గౌరి మొగుడి వైపు చూసింది. జమ్మలమడుగు బస్సు గుర్తొచ్చింది. అన్నావదినలు ఏ మొహంతో రమ్మంటారో తెలియదు. అయినా ఆ బస్సు రోజూ పోతూనే ఉంటుంది, మనుషులు ఎక్కుతూనే ఉంటారు. ట్రే బల్ల మీద పెట్టి, కొంగుతో చేతులు తుడుచుకుంది.

"ఆయన చెప్పింది నిజమే మేడం. పొద్దస్తమానం వంటింట్లోనే ఉంటా. ఆ గది రెండో బీగంచెవి గూడా ఆడనే ఉంటాది. ఆదివారం దాన్ని ఎవురు తీసకపోయినారో నాకు తెలుసు."