వీపు మీద వడ్రంగి పిట్ట

నేను ఒక దుర్భిణిని. ఈ కాలం వాళ్లు బైనాక్యులర్స్ అంటారు. ఎలా పిలిచినా పలుకుతాను. మొదట విశాఖ రేవులో ఓడల రాకపోకలు చూసే ఒక అధికారి దగ్గర ఉండేదాన్ని. ఆయన సముద్రం అంచు దాకా చూసేవాడు గానీ, నెత్తి మీదున్న కళ్లజోడు కోసం ఇల్లంతా వెతికేవాడు. మనుషుల చూపు అంతే! ఆయన పోయాక పాత సామాన్ల కొట్లో పడున్న నన్ను డ్రాయింగు మాస్టారు సన్యాసిరావు కొనుక్కున్నారు.

మాస్టారికి పిట్టల పిచ్చి. సెలవొస్తే చాలు, అరకు కొండల మీది పైన్ తోటల్లో వడ్రంగి పిట్టల కోసం తిరిగేవారు. ముందు చెవితో చప్పుడు పట్టి, తర్వాత నన్ను అటు తిప్పేవారు. ఆయన భార్య గౌరీశ్వరికి నేనంటే ఒళ్లుమంట. "ఆ మెడలో ఏలాడేది నా సవితే" అనేది ఇరుగుపొరుగుతో.

రిటైరయ్యాక మాస్టారి చెవులు పూర్తిగా పోయాయి. నన్ను మేకుకు తగిలించేశారు. క్రమంగా మాట కూడా మానేశారు. ఈ మనిషి ఇలా గోడ చూస్తూనే ఉండిపోతారేమోనని నాకు బెంగ పట్టుకుంది. ఆ వేసవిలో పైన్ తోట తగలబడిందని తెలిసిన రోజు అన్నం కూడా ముట్టలేదు.

వానలు వెలిశాక ఓ పొద్దున్న గౌరీశ్వరి నన్ను కొంగుతో తుడిచి ఆయన మెడలో వేసింది. చెయ్యి పట్టుకుని కొండెక్కించింది.

నల్లటి మానుల మధ్య మంచు మెల్లగా కదులుతోంది. బూడిదలోంచి లేత గడ్డి. కల కంటున్నానేమో అనుకున్నాను.

"ఏటుంటాదే ఇక్కడ? ఎల్లిపోదాం పద" అన్నారు మాస్టారు.

చచ్చిన మానులో పురుగుంటుంది, పురుగున్న చోటికి పిట్ట రాక మానదు. ఆ మాట మాస్టారే ఒకప్పుడు ఆవిడకు చెప్పారు. ఆవిడ చెవి రిక్కించింది. ఆయన నన్ను తిప్పినట్టే ఆయన భుజాలు పట్టుకుని ఓ పక్కకు తిప్పింది. వీపు మీద వేళ్లతో కొట్టింది. టకటకటక... ఆగి, మళ్లీ టకటక.

మాస్టారు నన్ను ఎత్తారు. నా అద్దంలో ఎర్ర జుట్టు, పసుప్పచ్చ వీపు! ముక్కు పోటు మానుకు తగిలినప్పుడల్లా ఆవిడ వేలు ఆయన వీపుకు తగులుతోంది.

"గౌరీ! ఇనబడతందే! నాకు ఇనబడతందే!"

నా అద్దాలు తడిసిపోయాయి. నాకూ ఏడుపొచ్చింది.

దిగేటప్పుడు మాస్టారు నన్ను తీసి ఆవిడ మెడలో వేశారు. "ఇదిగో నీ సవితి" అని నవ్వారు. ఆవిడ పుస్తెలతాడు పక్కకు జరిపి నాకు చోటిచ్చింది.

ఇప్పుడు ఇంట్లో ఆ మేకు ఖాళీగా ఉంటోంది.