పురుడు కాని బిడ్డ

పెళ్ళి చేసేటప్పుడు స్వర్ణను ఎవరూ ఒక్క కాగితం ముక్క అడగలేదు. తమ జాలర్ల పాలెంలో గంగమ్మ గుడి ముందర పందిరి వేశారు, మూడు ముళ్ళు పడ్డాయి, ఊరంతా కూర్చుని అన్నాలు తిన్నారు, అయిపోయింది. విడిపోవడానికి మాత్రం కాగితాలే కాగితాలు. నెల్లూరులో లాయరు విజయకుమారి గారు ఫోనులో చెప్పినవన్నీ రాసుకుని, తడలో తాను పనిచేసే కంపెనీ హాస్టల్లో రెండు ఆదివారాలు కూర్చుని సర్దింది. ఆధార్లు సరే, పెళ్ళి ఫోటో సరే. శుభలేఖ దగ్గరే చిక్కు వచ్చింది. అమ్మ చెంచమ్మ బియ్యం డబ్బా కింద పరిచిన దాన్ని దులిపి తెచ్చి ఇచ్చింది. ఎలుక కొరికినా పెళ్ళికొడుకు పేరు నిక్షేపంగా ఉంది, పెళ్ళికూతురి పేరులో సగం పోయింది.

"ఎలక్కి కూడా తెలిసిపోయింది చూడు, ఎవుర్ని కొరకాల్నో" అంది చెంచమ్మ. నవ్వాలని అన్నదే గాని నవ్వు రాలేదు ఇద్దరికీ.

లాయరు గారు అడగని కాగితాలు రెండు స్వర్ణే పెట్టింది. బిడ్డ పుట్టినట్టు ఒకటి, పోయినట్టు ఒకటి. ఫైలులో అన్నిటికన్నా పైన పెట్టింది.

స్వర్ణది ఆ పాలెంలో మొదటి డిగ్రీ. మొగుడు చిన్నబాబు పదో తరగతి తప్పి పడవ ఎక్కినవాడు. పేచీ అక్కడ పుట్టలేదు. మొన్న ఎండాకాలం, సముద్రంలో చేపల వేట నిషేధం ఉండి మగవాళ్ళంతా ఇళ్ళ దగ్గరే ఉన్న రోజుల్లో, వాళ్ళకి ఆడపిల్ల పుట్టింది. పురుడు చేసి పేరు పెట్టకముందే పోయింది. నిషేధం ఎత్తేయగానే చిన్నబాబు మాటా పలుకూ లేకుండా మద్రాసు కాశిమేడు రేవుకు వేటకు వెళ్ళిపోయాడు. అత్త ఆదిశేషమ్మ "చదువుకున్న కడుపు, బిడ్డ నిలవలా" అని వీధిలో నిలబడి అన్న రోజున స్వర్ణ గుడ్డలు మూట కట్టుకుని పుట్టింటికి వచ్చేసింది. మొగుడు ఫోను చేస్తాడని చూసింది. ఫోను వచ్చింది గాని, విడిపోదామని చెప్పడానికి వచ్చింది. ఆమె కూడా సరేనంది.

పాలెం పెద్దలు గంగమ్మ గుడి ముందు కూర్చుని ఒక్క పూటలో విడగొట్టేశారు. అంతటితో పోవలసిందే. అయితే చిన్నబాబుకు చూసిన కొత్త పెళ్ళికూతురి తండ్రి కోర్టు కాగితం కావాలని పట్టుబట్టాడు. పాలెంలో పెళ్ళిళ్ళన్నీ మగవాళ్ళు ఊళ్ళో ఉండే ఆ నిషేధం నెలల్లోనే. వచ్చే నిషేధానికల్లా కాగితం చేతికి రావాలి.

కార్తీకమాసంలో ఒక సోమవారం అందరూ విజయకుమారి గారి ఆఫీసులో కలిశారు. చిన్నబాబు వెంట అతని మేనమామ కామాక్షయ్య వచ్చాడు. ఆయనే పాలెం పెద్ద. ఖద్దరు చొక్కా వేసుకుని, కుర్చీ చూపించకముందే కూర్చున్నాడు.

"ఇద్దరికీ ఇష్టమైన విడాకులు కాబట్టి గొడవేం లేదు" అన్నారు విజయకుమారి గారు కలం తీసి. "ఎప్పటి నుంచి విడిగా ఉంటున్నారు?"

"నిరుడు నిషేధం ఎత్తేసిన కాడి నుంచి మేడం" అన్నాడు చిన్నబాబు, బడిలో ఎక్కం అప్పజెప్పినట్టు. "నేను కాశిమేడులో, ఆమె పాలెంలో."

"వేటకి పోవడం విడిగా ఉండడం కాదు బాబూ. మొగుడూ పెళ్ళాం మాదిరిగా కాపురం మానేసి ఏడాది కావాలి. అట్లా మానేసింది ఎప్పుడు?"

"అప్పుడే" అన్నాడు కామాక్షయ్య. "రాసుకోండి. మా వోళ్ళు సముద్రం మింద ఉంటే విడిగా ఉన్నట్టే గదా. ఆ లెక్కన పాలెంలో ఆడోళ్ళందరికీ మీరు విడాకులు ఇప్పించొచ్చు" అని తన మాటకు తానే నవ్వాడు.

లాయరు గారు నవ్వలేదు. "సంతానం?"

"లేరు" అన్నాడు కామాక్షయ్యే.

"ఉండింది" అంది స్వర్ణ. "ఆడబిడ్డ. ఈ ఏడు ఎండాకాలంలో పుట్టి పోయింది. కాగితాలు పైననే ఉండాయి మేడం."

విజయకుమారి గారు ఫైలు తెరిచి చూశారు. కలం మూత పెట్టారు. "ఈ బిడ్డ ఉంటే ఆ తేదీ నిలవదు. నిరుడే కాపురం మానేస్తే ఈ ఏడు బిడ్డెట్లా పుట్టింది అని జడ్జి గారు అడుగుతారు. నిజం తేదీ వేస్తే ఇంకా ఏడాది కాలేదు. వచ్చే నిషేధం దాటాక రావాలి మీరు."

"అదేం మాట మేడం. పురుడు కాని బిడ్డను మా కులంలో లెక్కలోకి తీసుకోం. పేరు లేదు, మైల పట్టింది లేదు. పాలెంలో ఎవుర్నయినా అడగండి, చిన్నబాబుకి బిడ్డలెంతమందంటే లేరనే చెప్తారు. అది అబద్ధం కాదు, ఆచారం." కామాక్షయ్య ముందుకు వంగాడు. "పోనీ అబద్ధమే అనుకోండి. వెయ్యి అబద్ధాలాడైనా ఒక పెళ్ళి చెయ్యమన్నారు పెద్దోళ్ళు. ఇడగొట్టేదానికి ఒక్కటి చాలదా?"

"ఆ వెయ్యీ పందిట్లో ఆడుకోండి. ఇది ప్రమాణం చేసి ఇచ్చే కాగితం. బయటికి పోయి మాట్లాడుకుని రండి."

మెట్ల కింద టీ బంకు దగ్గర నిలబడ్డారు. కామాక్షయ్య గొంతులో తేనె పోసుకున్నాడు.

"అమ్మణ్ణీ, నువ్వు చదువుకున్న దానివి. పోయిన బిడ్డ కాయితంలో ఉంటే ఏంది, లేకుంటే ఏంది? నువ్వు కూడా తొందరగా బయటపడతావు. రేపు నువ్వు మళ్ళా చేసుకోవద్దా?"

"నాకు తొందర లేదు పెదనాయనా."

"మీ నాయనకు ఉంటాది." తేనె అయిపోయింది. "పోలేరయ్య ముసిలోడైనాడు. పాలెం మాట కాదన్న ఇంటికి దురాయి వేస్తే, పడవ తొయ్యను ఒక్కడూ రాడు. మంచినీళ్ళు అడిగినా పలికేవోడు ఉండడు. ఆలోచించుకో" అని టీ తీసుకుని పక్కకు పోయాడు.

దురాయి అంటే పాలెంలో వెలి. చిన్నప్పుడు ఒక ఇంటికి వేయడం చూసింది స్వర్ణ. ఆ ఇంటి మనిషి రేవులో ఒంటరిగా వల బాగుచేసుకుంటుంటే, పిల్లలతో సహా అందరూ అతని పక్కనుంచి, అక్కడ మనిషే లేనట్టు నడిచి వెళ్ళేవాళ్ళు.

చిన్నబాబు టీ గ్లాసు పట్టుకుని నేల చూపులు చూస్తున్నాడు. వరసకు మేనబావ. చిన్నప్పటి నుంచీ బావా అని పిలిచిన నోరు.

"బావా, గుంట తవ్వింది ఎవురు?"

అతను గ్లాసును అటూ ఇటూ తిప్పాడు.

"సరుగుడు తోపు కాడ. మీ మామని కూడా చెయ్యి వెయ్యనీలా నువ్వు. నీ చొక్కాలో చుట్టి పెట్టినావంట గదా. మా నాయన చెప్పినాడు."

"ఇప్పుడెందుకు స్వర్ణా అయ్యన్నీ."

"లెక్కలో లేని బిడ్డకు చొక్కా ఎందుకు చుట్టినావు?"

చిన్నబాబు కళ్ళు ఎర్రబడ్డాయి. "చలేస్తాదేమో అనిపించినాది" అన్నాడు. గ్లాసు బంకు మీద పెట్టి మెట్లెక్కాడు. స్వర్ణకు ప్రాణం లేచివచ్చినట్టయింది. మనిషి చెడ్డవాడు కాదు, అడిగేవాళ్ళు సరిగ్గా అడిగితే నిజమే చెబుతాడు అనుకుంది. నిషేధం తర్వాత వచ్చి సంతకం పెడదాం అంటాడు, పెళ్ళి వెనక్కి పోతే పోతుంది. అంతే కదా కావలసింది. ఒక్క వాక్యం. ఒక బిడ్డ పుట్టి చనిపోయింది అని ఒక్క వాక్యం.

లోపల విజయకుమారి గారు అతన్నే అడిగారు. "నీ నోటితో చెప్పు బాబూ. మీకు బిడ్డ పుట్టిందా?"

చిన్నబాబు మేనమామ వైపు చూశాడు. కామాక్షయ్య గోడ మీద క్యాలెండరు చూస్తున్నాడు.

"నాకు బిడ్డలు లేరు మేడం."

"ఇందులో తండ్రి పేరు నీదే ఉందే?"

"అది... ఆసుపత్రిలో ఆమె చెప్పినట్టు రాసుకున్నారు మేడం."

తాను ఏమన్నాడో అన్నాక గాని అతనికి తెలిసినట్టు లేదు. తెలిశాక కూడా వెనక్కి తీసుకోలేదు. కామాక్షయ్య దగ్గాడు. బిడ్డ లేదంటారని స్వర్ణ సిద్ధపడే వచ్చింది. బిడ్డ తనది కాదంటాడని మాత్రం, ఇంతమందిలో, ఇంత నెమ్మదిగా అంటాడని అనుకోలేదు.

ఆమె ఏడవలేదు. లేచి, బల్ల మీద కాగితాలు ఒక్కొక్కటే తీసి ఫైలులో వరసగా పెట్టుకుంది. కొరికిన శుభలేఖ కూడా.

"మేడం, నేను ఇక్కడ సంతకం పెట్టను. ఏడాది నిండినాక వస్తా. ఆయన రాకపోతే ఒక్కదాన్నే కేసు వేస్తా."

"ఒక్కదానివే వేస్తే ఇట్లా సులువుగా తేలదమ్మా. వాళ్ళు ఎదురు తిరుగుతారు. ఏళ్ళు పట్టొచ్చు. ఇప్పుడు ఇతనన్న మాట రేపు బోనులో నిన్నే పట్టుకుని అడుగుతారు."

"అడగనీండి. అడిగితేనన్నా ఆ బిడ్డ పేరెత్తాల గదా."

"పేరు యాడుంది దానికి" అన్నాడు కామాక్షయ్య.

స్వర్ణ అతని ముఖం చూడకుండా బయటికి నడిచింది. నెల్లూరులోనే ఉన్న ఆత్మకూరు బస్టాండు దాకా నడిచాక, ఒక మూసిన కొట్టు అరుగు మీద కూర్చుని తండ్రికి ఫోను చేసింది. జరిగింది జరిగినట్టు చెప్పింది. పోలేరయ్య అంతా విన్నాడు. వెనక సముద్రం హోరు వినిపిస్తోంది.

"కామాక్షయ్య అప్పుడే ఫోన్లు కొట్టినట్టుండాడు" అన్నాడు చివరికి. "పొద్దున నాతోబాటు వల లాగినోళ్ళు ఇప్పుడు ఎగాదిగా చూసి పోతండారు. ఒక్క సంతకం తల్లీ. పెట్టేసి ఉంటే పోయేది గదా."

"నాయనా, నీకు మనమరాలు పుట్టిందా, లేదా?"



"పుట్టినాది" అన్నాడు పోలేరయ్య. "నా అరిచేతిలో పట్టినాది."

"అయితే ఎవురు అడిగినా అదే చెప్పు."

"అడిగేదెవురు తల్లీ" అన్నాడాయన. "నాతో మాట్లాడితే గదా అడిగేది."