అక్కని చూసి లేచిన రోజు

నాకు అన్నిటికంటే భయం, బయట తాళం పడ్డ తలుపంటే. మా బట్టలు కుట్టే షెడ్డుకి పని మొదలవగానే బయటినుంచి తాళం వేస్తారు. లోపల మేం, బయట మా పిల్లలు. పాపకి పాలివ్వాల్సిన వేళకి రొమ్ములు సలుపుతుంటాయి, చూపు ఆ తలుపు మీదే ఉంటుంది.

ఆ తలుపు వెనకే, నేను పనిలో చేరిన కొత్తలో, కాజాలు కుట్టే చెల్లి నెత్తురు పోయి పడిపోయింది. కడుపుతో ఉంది. తాళం తియ్యమంటే "టార్గెట్ అయ్యాక" అన్నాడు సూపర్‌వైజరు. కాలర్లు కుట్టే అక్క తన మిషను ఆపేసింది. పక్కామె ఆపింది. వరసలన్నీ ఆగాయి. అంత పెద్ద షెడ్డు మూగబోయేసరికి వాడికి ముచ్చెమటలు పట్టి తలుపు తీశాడు. చెల్లి బతికింది, బిడ్డ దక్కలేదు.

ఆ సంగతి విని అక్కని కార్మికుల పార్టీ పిలిచింది. వీధి కమిటీలోంచి నగర కమిటీకి వెళ్లింది, ఏళ్లు గడిచాక, ఇదిగో ఇప్పుడు, మొత్తం పార్టీకి కార్యదర్శి అయింది. ఈలోపు, ఆ రోజుతో ఆగిన తాళం షెడ్డుకి మళ్లీ పడింది. మేం మళ్లీ మిషన్లు ఆపాం.

పార్టీ ఆఫీసులో మీటింగు పెట్టారు. అక్క లోపలికి రాగానే మేమంతా లేచి నిలబడ్డాం. ఓనరు వస్తే లేచే అలవాటు మాది. అక్క మొహం మాడిపోయింది.

"ఏంటే, నన్ను చూసి లేచారు? నేను ఓనరమ్మనా?"

"కారులో దిగావు కదక్కా, కాళ్లు వాటంతటవే లేచాయి" అంది కాజాల చెల్లి.

అందరూ నవ్వారు. అక్క నవ్వలేదు. తనకోసం వేసిన కుర్చీ వదిలేసి మా మధ్య కింద కూర్చుంది. మేమూ కూర్చున్నాం.

పాత కార్యదర్శి పెద్దాయన గొంతు సవరించుకున్నాడు. "అమ్మా, ఓనరు జీతం పెంచుతానంటున్నాడు. ఎన్నికలు ముందున్నాయి. తాళం సంగతి తర్వాత చూద్దాం. నువ్వు ఒక్క మాటంటే వీళ్లు పనిలోకి పోతారు."

"అందుకేనా అన్నా నన్ను ఇంత పైకెక్కించింది?" అక్క నావైపు తిరిగింది. "చంటిదాని తల్లీ, నువ్వు చెప్పు. పోతావా?"

నా ఒళ్లో పాప కదిలింది.

"జీతం పెంచినా తాళం వెనక కూర్చోలేనక్కా."

"కూర్చోలేం!" అంది హాలంతా.

"ఇదే పార్టీ మాట. రాసుకో అన్నా."

పెద్దాయన కలం తియ్యలేదు. బయట పోలీసు జీపు ఆగింది. ఇన్‌స్పెక్టరు గుమ్మంలో నిలబడి "లేవండి!" అని అరిచాడు. ఎవరం కదల్లేదు.

"చెవుడా? లేవండి!"

"కూర్చోడం ఇప్పుడే నేర్చుకున్నాం సార్" అంది చెల్లి.

మమ్మల్ని తొక్కుకుంటూ వచ్చి అక్కని లాక్కుపోయారు. "మిషన్లు ముట్టుకోకండే!" అని జీపులోంచి కేకేసింది.

ముట్టుకోలేదు. షెడ్డు ఇంకా మూగగానే ఉంది. ఏ స్టేషనుకెళ్లినా "ఇక్కడ లేదు" అంటున్నారు. బట్టల దుమ్ము మింగీ మింగీ అక్కకి ఆయాసం. మూసిన గదిలో ఊపిరాడదు. ఇప్పుడు ఏ తలుపు వెనక ఉందో!

మీ దారిలో స్టేషనుంటే కాస్త మెట్లెక్కి అడగండి, మా అక్క ఉందా, ఊపిరాడుతోందా అని. "లేదు" అన్నారంటే అక్కడే కూర్చోండి. లేవమన్నా లేవకండి.