దారికి అడ్డం పెట్టిన పుల్లలు

కెప్టెన్‌కి కోపం తెప్పించడం చాలా తేలిక. క్యాంపుకి కొత్త బూట్లు వేసుకుని వస్తే చాలు.

వారమంతా కళ్ళజోళ్ళ షాపులో కూర్చుని అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగించే ఆవిడ, శని, ఆదివారాలు వస్తే చాలు, జీతం భత్యం లేకుండా ఆడపిల్లల స్కౌట్ దళాన్ని వెంటేసుకుని అడవులు పట్టుకు తిరుగుతుంది. పిల్లలే కాదు, వాళ్ళ అమ్మానాన్నలూ, షాపు యజమానీ, ఆఖరికి కట్టుకున్న మొగుడూ ఆవిడని కెప్టెన్ అనే పిలుస్తారు. క్యాంపు రోజుల్లో కన్నకూతురు కూడా అమ్మా అనడానికి వీల్లేదు. అది ఆవిడ పెట్టిన రూలు. ఆవిడ పెట్టిన రూళ్ళు ఇంకా బోలెడు ఉన్నాయి, వాటిలో ఒకదాని గురించే ఈ గొడవంతా.

ఆ శనివారం పొద్దున్న టెంట్లు వేయగానే బ్యాగుల తనిఖీ మొదలుపెట్టింది. ఒక్కో బ్యాగూ టార్పాలిన్ మీద బోర్లించడం, పనికిరానిది తీసి పక్కన పడేయడం.

"ఇదేంటే, జుట్టు ఆరబెట్టుకునే మిషనా? చెట్టుకి ప్లగ్గు ఉంటుందనుకున్నావా?"

"అమ్మ పెట్టింది కెప్టెన్."

"అయితే మీ అమ్మనే తీసుకురావాల్సింది. ఇదిగో, నువ్వు! బరువు భుజాల మీద వేలాడకూడదు, నడుం మీద కూర్చోవాలి. పట్టీ బిగించు. ఇంకా. ఊపిరి ఆడుతోందా? అయితే సరే."

ఆ తర్వాత ఆవిడ కళ్ళు బేకరీ ఆయన కూతురి కాళ్ళ మీద పడ్డాయి. నిగనిగలాడే బూట్లు. షాపు వాసన కూడా ఇంకా పోలేదు. అంతే, ఒంటికాలి మీద లేచింది.

"మంచి బూట్లండీ, చుక్క నీరు దూరదు," అన్నాడు బేకరీ ఆయన, రొట్టెల ట్రేలు దించుతూ. క్యాంపులో వంటపని ఆయనదే.

"నీళ్ళు దూరకపోతే మానె, కాలు దూరొద్దా? నెల రోజులు వీధిలో తొడుక్కుని తిరిగాక తేవాలి గానీ! పాతవి ఏవి?"

పాతవి ఇంట్లో ఉన్నాయి. చేసేదేముంది? మేజోళ్ళు రెండు జతలు వేయించి, మడమకి పట్టీ అంటించి, విసుక్కుంటూ పంపింది.

పంపింది ఎక్కడికంటారా? నడక పరీక్షకి. ఐదుగురు పిల్లలు మ్యాపు పట్టుకుని తమంతట తాముగా కొండ చుట్టి చీకటి పడేలోగా తిరిగి రావాలి. అందరిలోకీ పెద్ద బ్యాడ్జికి ఇదే చివరి మెట్టు. పెద్దవాళ్ళెవరూ వెంట వెళ్ళకూడదు, ఎదురు వెళ్ళకూడదు, దారి చెప్పకూడదు. చెప్పారో, పరీక్ష రద్దు. బ్యాడ్జీలంటే ఆవిడకి అంత పట్టుదల. మా అమ్మాయికి ఇంకోటి ఇచ్చేయండి, చొక్కా మీద వరసలో రెండు తక్కువయ్యాయి అని ఏ తల్లయినా నసిగిందా, ఇక ఆ తల్లి పని అయిపోయినట్టే. పోయిన ఏడాది ఇదే బేకరీ ఆయన మనసాగక వ్యాన్ వేసుకుని పిల్లల వెనకాల వెళ్ళాడు. కెప్టెన్ నలుగురిలో నిలబెట్టి ఆయనకి గడ్డి పెట్టింది. పరీక్ష రద్దు చేసింది. ఆయన కూతురు ఏడుస్తూ ఇంటికి వెళ్ళింది. ఇప్పుడు ఆ పిల్ల మళ్ళీ వచ్చింది, కొత్త బూట్లేసుకుని.

ఈసారి జట్టుకి నాయకురాలు కెప్టెన్ సొంత కూతురు. వచ్చే నెలతో దానికి వయసు దాటిపోతుంది. ఇవాళ గెలిస్తే బ్యాడ్జి, లేకపోతే జన్మలో లేదు.

పిల్లలు మలుపు తిరిగి కనుమరుగయ్యారు. అప్పట్నుంచి చూడాలి కెప్టెన్ అవస్థ! కాలుగాలిన పిల్లిలా టెంట్ల చుట్టూ తిరగడం మొదలుపెట్టింది. బిగుతుగా ఉన్న తాళ్ళనే మళ్ళీ బిగించింది. గిన్నెలు కడిగింది, కడిగిన గిన్నెలే ఇంకోసారి కడిగింది. ఆకాశంలో మబ్బు లేకపోయినా టెంటు చుట్టూ వాననీటి కాలవ తవ్వింది.

"కాస్త కూర్చోవే తల్లీ, చూసేవాళ్ళకి కళ్ళు తిరుగుతున్నాయి," అంది ఆడపడుచు. ఆవిడ నర్సు, ఈ దళంలో కెప్టెన్‌కి కుడిభుజం. నోరు మాత్రం ఎవరికీ జంకదు.

"నాకేం, బాగానే ఉన్నాను వదినా."

"కనిపిస్తూనే ఉందిలే. ఆ బేకరీ ఆయన్ని అడగరాదూ, మనసాగకపోతే ఏం చెయ్యాలో!"

బేకరీ ఆయన ఉల్లిపాయలు తరుగుతూ తల వంచుకుని నవ్వాడు. కెప్టెన్‌కి అరికాలి మంట నెత్తికెక్కింది.

"పొయ్యిలోకి పుల్లలు ఏరుకొస్తా," అని గొడ్డలి తీసుకుంది.

పుల్లలు అక్కడే కుప్పగా ఉన్నాయి. ఆ సంగతి ముగ్గురికీ తెలుసు.

వెంట వెళ్ళాలని ఆవిడ అనుకోలేదు, ఆ మాట ఒప్పుకోవాలి. కాళ్ళు వాటంతటవే అడ్డదారి పట్టాయి. పైన బండల మీదకి ఎక్కేసరికి కింద వాగు దగ్గర ఐదుగురూ కనిపించారు. గుండె కుదుటపడింది. ఇక వెనక్కి వెళ్ళిపోదాం అనుకుంటూనే ఇంకాస్త చూద్దాంలే అని పొదచాటున కూర్చుంది. కూతురు మ్యాపు పరిచింది. పిల్లలంతా దానిమీదకి వంగారు. కూతురు చెయ్యి ఎత్తి ఎడమ వైపు చూపించింది.

ఎడమ వైపు రాళ్ళ క్వారీ ఉంది. పెద్ద గుంత, నిండా నీళ్ళు.

కెప్టెన్‌కి పై ప్రాణాలు పైనే పోయాయి. కుడి వైపు కదే రావాలి! మ్యాపు తలకిందులుగా పట్టుకుందా ఏమిటి ఈ పిల్ల? కేకేస్తే పరీక్ష పోతుంది. కేకెయ్యకపోతే... ఆ తర్వాత ఆలోచించలేదు. దారి చీలే చోటికి తనే దగ్గర. పరుగెత్తింది. ఎండు కొమ్మ విరిచి, రెండు పుల్లలు సరిసమానంగా నరికి, ఎడమ దారిలో ఒకదానిమీద ఒకటి అడ్డంగా పెట్టింది. ఇటు వెళ్ళొద్దు అని స్కౌట్ల గుర్తు. ఆ గుర్తు కనిపిస్తే ఇంకేం ఆలోచించకూడదు, వెనక్కి తిరగాల్సిందే అని పిల్లలకి తనే నూరిపోసింది. పెట్టేసి చెట్టుచాటుకి తప్పుకుంది.

పిల్లలు వచ్చారు. కూతురు ఆ పుల్లల ముందు చాలాసేపు నిలబడింది. వంగి ఒకటి చేతిలోకి తీసుకుని చూసింది, మళ్ళీ ఉన్నచోటే పెట్టింది. చుట్టూ చూసింది. ఆ తర్వాత జట్టుని కుడి వైపు మళ్ళించింది. కెప్టెన్ ఇంత నిట్టూర్పు విడిచి, చంకనిండా పుల్లలు వేసుకుని, ఎవరో మెచ్చి మేకతోలు కప్పినంత సంబరంగా క్యాంపుకి వచ్చింది.

ఆ సంబరం ఎంతోసేపు నిలవలేదు. వస్తారనుకున్న వేళ దాటింది. పిల్లలు రాలేదు. సూప్ కాగి కాగి చిక్కబడింది. బేకరీ ఆయన ఒకసారి దారివైపు చూడ్డం, ఒకసారి కెప్టెన్ వైపు చూడ్డం. ఎండ పూర్తిగా వాలిపోతున్నప్పుడు వచ్చారు. బేకరీ ఆయన కూతుర్ని ఇద్దరు చెరోపక్కా పట్టుకుని నడిపిస్తున్నారు. ఒక కాలు నేల మీద ఆనడం లేదు. పట్టుకున్నవాళ్ళలో ఒకరు కెప్టెన్ కూతురు.

నర్సు బూటు విప్పింది. మేజోడు రక్తంతో అంటుకుపోయి ఉంది. మడమ మీద చర్మం ఊడి వచ్చింది. పిల్ల కెవ్వుమంది. బేకరీ ఆయన మొహం పాలిపోయింది.

"వాగు దగ్గరే పొక్కు చితికింది అంకుల్," అంది కెప్టెన్ కూతురు. "అందుకే క్వారీ దారిలో వద్దామనుకున్నా. మ్యాపులో చూశాను, లారీలు తిరిగే రోడ్డు, చదునుగా ఉంటుంది. గుంతకి చుట్టూ కంచె కూడా ఉంది. సగం దూరం తగ్గేది. కుడి వైపంతా బండలు, ఎక్కడం దిగడం."

"మరి అలాగే రాకపోయారా?"

"దారికి అడ్డం పుల్లలు పెట్టి ఉన్నాయి."

"ఎవడు పెట్టాడు?" బేకరీ ఆయన లేచి నిలబడ్డాడు.

కూతురు తల్లి వైపు చూసింది. ఒక్క చూపే. కెప్టెన్ గుండెల్లో రాయి పడింది. దానికి తెలుసు. అడవిలో ఎవరు మాత్రం పుల్లల్ని కొలిచినట్టు సమానంగా నరికి పెడతారు, రోజంతా అద్దాలు కొలిచి కోసే మనిషి తప్ప!

"గొర్రెలు కాసుకునేవాళ్ళెవరో పెట్టి ఉంటారు అంకుల్," అంది కూతురు. "మేం పొరపాటు పడ్డాం. అయినా చీకటి పడకముందే వచ్చేశాం కదా, పరీక్ష పాసయినట్టేగా?"

పాసయినట్టే. కెప్టెన్ ఊ అంటే చాలు. ఐదుగురికీ బ్యాడ్జీలు, కూతురికి వయసు దాటకముందే. ఆ కుంటుతున్న పిల్లకి రెండేళ్ళ ఆశ. అందరూ తన నోటివైపే చూస్తున్నారు. ఏమీ అనకుండా ఊరుకుంటే అసలు అబద్ధం ఆడినట్టు కూడా కాదు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక గరిటె తీసింది, మళ్ళీ పెట్టేసింది.

"నేనే పెట్టాను," అంది.

బేకరీ ఆయన ఆవిడ ముందుకి వచ్చాడు.

"పోయినేడు నేను చేస్తే నలుగురిలో నిలబెట్టారు," అన్నాడు బేకరీ ఆయన, గొంతు పెంచకుండానే.

"అవునండీ."

"నేను వెనకాల వెళ్ళానంతే. దారి మళ్ళించలేదు."

"అవునండీ. నాదే తప్పు. పరీక్ష రద్దు."

పిల్లలు గొల్లుమన్నారు. కూతురు మాత్రం తల్లి చెయ్యి పట్టుకుని బరబరా టెంటు వెనక్కి లాక్కెళ్ళింది.

"నీ కోసం అంతమందిలో అబద్ధం ఆడానమ్మా! నువ్వేమో ఒక్క ముక్కలో..."

"అది అబద్ధపు బ్యాడ్జి అవుతుందే."

"నీ అబద్ధం! నాది కాదు. నేను నడిచాను. ఆ కుంటే పిల్లని సగం దూరం మోసుకొచ్చాను." "మ్యాపు చదవడం ఎవరు నేర్పారు నాకు? నేను గుంతలో పడతాననుకున్నావా?"

కెప్టెన్‌కి అబద్ధం ఆడాలనిపించింది. ఆడలేకపోయింది.

"అనుకున్నాను."

కూతురు కళ్ళు తుడుచుకుంది.

"రేపు మళ్ళీ వెళ్తాం. పరీక్ష అత్త పెడుతుంది. మడమ నొప్పి తగ్గి అది రాగలిగితే వస్తుంది, లేకపోతే ఏం చెయ్యాలో నేను చూసుకుంటా. నువ్వు మాత్రం ఇక్కడ ఉండకూడదు. ఇంటికెళ్ళిపో."

"ఏంటీ?"

"నువ్వుంటే పుల్లలు ఏరడానికి వెళ్తావు."

ఇంకొకరెవరైనా ఆ మాట అని ఉంటే ఆవిడ ఏం చేసేదో గానీ, అప్పుడు మాత్రం కుక్కిన పేనులా లోపలికి వెళ్ళి బ్యాగు సర్దుకుంది. ఆడపడుచు కూడా వెక్కిరించలేదు. భుజం తట్టి, "నేనున్నాగా," అంది. బేకరీ ఆయనే వ్యాన్లో దింపుతానన్నాడు.

వ్యాన్ ఊళ్ళోకి వచ్చాక ఆయన అన్నాడు: "పోయినేడు మీరు తిట్టినందుకు నాకేం బాధనిపించలేదండీ. మా అమ్మాయి వారం రోజులు నా మొహం చూడలేదు. అదే తట్టుకోలేకపోయాను."

"సారీ అండీ."

"బూట్లు కొన్నది నేనేలెండి," అన్నాడాయన.

ఇక ఆదివారం. ఆవిడకి ఆదివారం ఇంట్లో ఎలా ఉంటుందో కూడా గుర్తులేదు. అలమారాలో చీరలన్నీ కింద పడేసి మళ్ళీ మడత పెట్టింది. మొగుడి కళ్ళజోడు లాక్కుని స్క్రూలు విప్పి బిగించింది.

"కనపడక చస్తున్నా, ఇటివ్వు కెప్టెన్," అన్నాడాయన. "మా అక్కకి ఒక్క ఫోన్ కొట్టు, పోతుంది కదా!"

ఫోన్ తీసింది, పెట్టేసింది. బాల్కనీలోకి వెళ్ళింది, వచ్చేసింది. మళ్ళీ ఫోన్ తీసి, ఈసారి మొగుడి చేతిలో పెట్టి, "నేనడిగినా ఇవ్వకండి," అంది. ఈపాటికి వాగు దాటి ఉంటారు. ఈపాటికి దారి చీలే చోటుకి వచ్చి ఉంటారు. ఆ తర్వాత ఎటు వెళ్ళి ఉంటారో ఆవిడకి తెలియదు. కన్నప్పట్నుంచీ ఆ పిల్ల ఎక్కడుందో తెలియకుండా ఒక్క పూట గడిపింది లేదు. వంటింట్లో నిలబడి గ్లాసుల మీద గ్లాసులు నీళ్ళు తాగింది.

సాయంత్రం తలుపు చప్పుడైంది. కూతురు బ్యాగు కింద పడేసి, బూట్లైనా విప్పకుండా కుర్చీలో కూలబడింది. మొహం ఎండకి కమిలిపోయి ఉంది. కెప్టెన్ ఎదురుగా నిలబడింది. అడగకూడదని పెదవి కరిచిపట్టుకుంది.

"పాసవలేదు," అంది కూతురే.

"అయ్యో."

"బేకరీ అంకుల్ కూతురు కూడా అత్త చెప్పులేసుకుని వచ్చింది. వాగు దాకా బాగానే నడిచింది. అక్కడికి వెళ్ళేసరికి కట్టు మీదకి రక్తం వచ్చేసింది. వెళ్దాం వెళ్దాం అని ఒకటే గోల అది. మిగతా వాళ్ళూ సరే అన్నారు. క్వారీ రోడ్డు మీదయినా ఆ కాలితో కుదరదని నేనే ఒప్పుకోలేదు. అందర్నీ వెనక్కి తిప్పేశా." "ఇక నాకు ఆ బ్యాడ్జి రాదు."

కెప్టెన్‌కి కళ్ళనిండా నీళ్ళొచ్చాయి. ఎన్నేళ్ళుగా ఎందరు పిల్లలకి ఏమేం నేర్పిందో గానీ, చేతికందిన బ్యాడ్జిని వదిలేసి వెనక్కి తిరగమని మాత్రం ఎవరికీ నేర్పలేదు. వెళ్ళి ఆ పిల్ల తలమీద చెయ్యి వేసింది.

"మంచి పని చేశావే," అంది.

కూతురు తల్లి చెయ్యి తీసేయలేదు. తలెత్తి మామూలుగా చూసింది.

"నాకు తెలుసమ్మా," అంది.