పుర్రచేతి జెండా

జెండా తోడల్లుడి చేతికిచ్చారు, పార తన చేతికిచ్చారు. పదకొండేళ్ళుగా అతని కడుపులో రగులుతున్నది ఈ ఒక్క మాటే. కార్ల పందేలు జరిగే ఆ మైదానంలో ముందు పనికి చేరింది అతను. తోడల్లుణ్ణి తీసుకొచ్చి మేనేజరు ముందు నిలబెట్టిందీ అతనే. ఏడాది తిరిగేసరికి వాడు గెలిచిన కారుకి గళ్ళ జెండా ఊపేవాడయ్యాడు, పేపర్లో పడ్డాడు. ఇతను మురుగుకాలువలు తోడుతూనే ఉండిపోయాడు. అక్కడ వాణ్ణి అందరూ ‘హీరో’ అంటారు. ఇతన్ని ‘కాలువ’ అంటారు.

పందెం రోజు పొద్దున్నే కాలువ మోకాళ్ళదాకా రబ్బరు బూట్లు తొడుక్కుని, మలుపు దగ్గర ఇనుప జాలీకి అడ్డంపడ్డ చెత్తని పారతో లాగుతున్నాడు. మూడు రోజులుగా ముసురు. వానకోటు కింద మాత్రం ఇస్త్రీ చొక్కా. హీరో రెండు నెలలుగా ఊపిరితిత్తుల జబ్బుతో ఆసుపత్రిలో ఉన్నాడు. ఈసారి జెండా ఇతనిది.

వారంగా ఇంట్లో చీపురుకి తువ్వాలు కట్టి సాధన చేస్తుంటే పెళ్ళాం మూతి తిప్పింది. “ఈగల్ని తోలుతున్నావా? మా చెల్లెలి మొగుడు మంచాన పడితే నీకు పెళ్ళికళ వచ్చిందే!”

జెండాని హీరో ఆసుపత్రిలోనూ తన దగ్గరే పెట్టుకున్నాడు. నిన్న దాన్ని తెచ్చుకోడానికి వెళ్ళాడు కాలువ. హీరోది పుర్రచేయి. జెండా కర్ర పిడికి ఎడమ బొటనవేలు ఆనేలా గుంట వదిలి ఎప్పుడో గుడ్డ చుట్టుకున్నాడు. ఒకసారి దొంగచాటుగా పట్టుకు చూస్తే ఇతని కుడిచేతిలో నిలవలేదు, జారింది. ఇంకెవడూ పట్టకూడదనే అలా చుట్టాడని ఇతని నమ్మకం.

“అన్నయ్యా, మొదటి కారు రాగానే ఆపెయ్యకు,” అన్నాడు హీరో రొప్పుతూ. “ఆఖరి కారుదాకా ఊపాలి. ఆఖరివాడూ గీత దాటాలిగా.” ప్లాస్టిక్ సంచిలో చుట్టి తాడు బిగించిన జెండా అందించాడు. “గీత దగ్గరే విప్పు. తడిస్తే బరువెక్కుతుంది.”

మంచంలో ఉండి కూడా పెత్తనమే, అనుకున్నాడు కాలువ.

తొమ్మిదింటికి జాలీలోకి పోవాల్సిన నీళ్ళు జాలీలోంచి పైకి తన్నాయి. మైదానం పక్కనున్న ఏరు పొంగింది. అతను పిచ్చిగా పార వేస్తూనే ఉన్నాడు. ముందు మలుపు మునిగింది, తర్వాత తెల్లగీత. పందెం రద్దని మైకులో చెప్పారు.

“కాలువా! గేటు దగ్గర ఎర్రజెండా ఊపి బళ్ళు వెనక్కి పంపు!” అని గొడుగు కిందనుంచి మేనేజరు అరిచాడు.

“మరి గళ్ళదో?”

“ఎవరికి ఊపుతావయ్యా, చేపలకా?”

పదకొండేళ్ళలో హీరోకి ఒక్క పందెం రద్దు కాలేదు. తన వంతు వచ్చేసరికి ఏరు కూడా వాడి పక్షానే చేరింది. మోకాలిలోతు నీళ్ళలో రెండు గంటలు ఎర్రగుడ్డ ఊపాడు, చంకలో సంచి ఇరికించుకుని. ఒక డ్రైవరు అద్దం దించి, “హీరో ఏడీ? ఆయనుంటే ఇలా జరిగేదా?” అన్నాడు.

అప్పుడే పెళ్ళాం ఫోను. “ఎక్కడ చచ్చావు? ఆయన పదింటికి పోయాడు.”

ఆసుపత్రికి వెళ్ళేసరికి మంచం ఖాళీ. దుప్పటి కూడా తీసేశారు. మరదలు గోడకానుకుని కూర్చుంది. “పొద్దుణ్ణించీ ఒకటే అడగడం బావా, అన్నయ్య ఊపాడా అని.”

మైదానం మనుషులు నడుందాకా తడిసి వచ్చి ఏడుస్తున్నారు. నేను పోతే ఇందులో ఎంతమంది వస్తారని అతను తలలు లెక్కపెట్టాడు. కంట్లో నీరు రాలేదు. వాడి వస్తువు వాళ్ళకిచ్చేద్దామని సంచి తాడు విప్పాడు.

గళ్ళ గుడ్డ పొడిగానే ఉంది. పిడికి పాత గుడ్డ లేదు. దాని చోట ఆసుపత్రి బ్యాండేజీ, తెల్లగా, కొత్తగా, బిగించి చుట్టి ఉంది. కుడిచేత్తో పట్టుకున్నాడు. ఈసారి కుడి బొటనవేలు గుంటలో సరిగ్గా కూర్చుంది.

“నీ దుంప తెగ,” అన్నాడు. దీన్లోనూ వాడే ముందొచ్చాడు.

జెండాని ఖాళీ మంచానికి ఆనించాడు. తడిచేతి మరక ఆ తెల్ల పిడిమీద, కుడివైపు, మెల్లగా పాకుతోంది.