జానెడు పెరిగే ఇల్లు

రోజూ పొద్దున్న ఏడింటికల్లా సువర్ణ తమ్ముడింట్లో కాఫీ తాగి, ఆటో ఎక్కి, అమలాపురం నల్లవంతెన దగ్గర దిగి తన ఇంటికి నడిచేది. మోటారు వేసి, ట్యాంకు నిండేదాకా మెట్ల మీద కూర్చుని, ఐదు వాటాల గుమ్మాలూ ఓసారి చూసుకుని వెనక్కి వెళ్ళిపోయేది. ఇల్లు ఆవిడదే. ఆ కప్పు కింద ఒక్క పూట అన్నం తిన్నది మాత్రం లేదు. తనుంటే ఒక వాటా అద్దె పోతుందని లెక్క.

పన్నెండేళ్ళు కువైట్‌లో ఒకళ్ళింట్లో వంట చేసింది. ఆ డబ్బు కొంత, బ్యాంకు లోను కొంత వేసి తమ్ముడు మంగరాజు ఈ పాత ఇల్లు అక్క పేరున కొన్నాడు. గృహప్రవేశానికి మేడమ్ సెలవివ్వలేదు. మరదలు ప్రసన్న పొయ్యి మీద పాలు పెడితే సువర్ణ అక్కడ ఫోన్‌లో చూస్తూ నిలబడింది. సరిగ్గా అప్పుడే మేడమ్ పిలిచింది. పని చూసి ఫోన్ దగ్గరికొచ్చేసరికి పాలు పొంగిపోయాయి, అందరూ ఫలహారాలు తింటున్నారు.

ఇల్లు మంచిదే. మనుషుల్ని పట్టించుకునే ఇల్లు, అంతే. ఏ వాటాలో బిడ్డ పుడితే ఆ వాటా జానెడు పెరిగేది. ఎవరైనా పూర్తిగా వెళ్ళిపోతుంటే అంతకంత ముడుచుకునేది. కరెంటు పనివాడు వైర్లు మూరెడు వదులుంచి బిగించేవాడు. పన్నుకి కొలిచే మున్సిపాలిటీ ఉద్యోగి, ఏటా వచ్చి మళ్ళీ మళ్ళీ కొలవలేక చస్తున్నానని విసుక్కునేవాడు. మూడో వాటాలో తాతారావు, లోవమ్మ దిగిన కొత్తలో మంచం వేస్తే మనిషి నిలబడ్డానికి చోటుండేది కాదట. నలుగురు పిల్లలయ్యాక అది పేరంటం పెట్టుకునేంత హాలయింది. తాతారావుది అంబాజీపేటలో కొబ్బరికాయలు ఒలిచే పని. పదిహేనేళ్ళుగా ఆ ఇంట్లోనే ఉన్నారు.

వచ్చిన చిక్కల్లా బ్యాంకుతో. సువర్ణ తిరిగొచ్చేసి రెండేళ్ళయింది. జీతం ఆగింది, వాయిదాలు ఆగలేదు. మూడు నెలల వాయిదా పడిపోయేసరికి మేనేజరు పిలిచి ఒకటే మాట చెప్పాడు. ఇంటి విలువ పెరిగిందని ఇంజనీరు రాసిస్తే కొత్త లోనిచ్చి, పాతది అందులో కలిపి, గడువు పొడిగిస్తారు. లేదంటే వేలం నోటీసే.

మంగరాజు దారి కనిపెట్టాడు. మూడో వాటా ఖాళీ చేయించి, మధ్యలో గోడ కట్టి, టైల్స్ వేసి, రెండు బాత్రూములు పెడితే గ్యాస్ కంపెనీ వాళ్ళు అద్దె ఎంతంటే అంత ఇస్తారట. "ఇంజనీరుగారు గురువారం పదకొండింటికొస్తారక్కా. ఖాళీగా చూపిస్తే రాబోయే అద్దె లెక్కన విలువ రాస్తారు. ఈ లోగా వాళ్ళని పంపించెయ్," అన్నాడు. లోను రాకపోతే ఇంకో దారీ ఉంది. రాజోలు ఏజెంటు దగ్గర కువైట్ వీసా సిద్ధంగా ఉంది, గురువారం సాయంత్రంలోగా పాస్‌పోర్టు అతని చేతిలో పెట్టాలి. నలభై తొమ్మిదేళ్ళొచ్చాయి, మోకాళ్ళు సహకరించడం లేదు. మళ్ళీ ఆ వంటగది అనుకుంటేనే సువర్ణకి ఏడుపొచ్చేది.

ఆదివారం వచ్చి, లోవమ్మ మొహం చూడకుండా, ఖాళీ చెయ్యమని చెప్పేసి వెళ్ళింది.

గురువారం తొమ్మిదింటికి వచ్చేసరికి గేటు ముందు ట్రాలీ ఆటో ఉంది. సామానంతా వీధిలో ఉంది. తాతారావు మాత్రం గుమ్మంలో చేతులు నలుపుకుంటూ నిలబడ్డాడు.

"బీరువా రావట్లేదండి," అన్నాడు.

సువర్ణ లోపలికి తొంగి చూసింది. హాలు హాలులా లేదు. గోడలు దగ్గరికొచ్చేశాయి. గుమ్మం ఎంత ఇరుకైందంటే సువర్ణే పక్కకి తిరిగి వెళ్ళాల్సొచ్చింది. పెద్ద ఇనప బీరువా లోపల ఇరుక్కుని ఉంది.

"మీరు చెప్పెళ్ళిన కాణ్ణుంచీ ముడుచుకుపోతందండి," అన్నాడు తాతారావు. నేల చూస్తూ, "అద్దె పెంచమంటే పెంచేవోళ్ళమండి. పొమ్మన్నారు," అన్నాడు.

ఇల్లు కొన్న ఎనిమిదేళ్ళలో అద్దె పెంచమని తాము ఒక్కసారి కూడా అడగలేదన్న సంగతి సువర్ణకి అప్పుడే తట్టింది.

గంటసేపు లాగినా బీరువా కదలకపోయేసరికి మంగరాజు గడ్డపారతో తాపీ మేస్త్రీని తీసుకొచ్చాడు. "గుమ్మం కొట్టించేద్దాం అక్కా. టైము పదిన్నర. ఆయనొచ్చేసరికి ఇది ఖాళీగా ఉండాలి."

మేస్త్రీ గడ్డపార ఎత్తాడు.

"ఒక్క నిమిషం బాబూ," అంది లోవమ్మ. చెంబుతో నీళ్ళు తెచ్చుకుని గడప ముందు కూర్చుంది. "పొద్దున్నే అలవాటు కొద్దీ పసుపు రాసేసేను. పసుపు మీద దెబ్బ పడకూడదు, కడిగేసుకుని వెళ్తాను."

తడిగుడ్డతో తుడుస్తోంది. ఆవిడ ఏడవడం లేదు. ఏడ్చినా బాగుండేదనిపించింది సువర్ణకి. కువైట్ నుంచి వచ్చేసే రోజున తనూ అంతే. మేడమ్ చెప్పకపోయినా పన్నెండేళ్ళు నిలబడ్డ వంటగది నేల శుభ్రంగా తుడిచి, గుడ్డ ఆరేసి మరీ బయటికొచ్చింది. గేటు దాకా ఒక్కరూ రాలేదు. ఇవాళ ఆ మేడమ్ చోట నిలబడ్డది తను.

"ఆపండి," అంది. "తాతారావుగారూ, సామాను లోపల పెట్టించండి."

"నీకేమైనా మతి పోయిందా అక్కా? కువైట్ పోతావా?"

"పోతాను."

మంగరాజు నెత్తి కొట్టుకున్నాడు. సామాను లోపలికెళ్ళింది. ఇల్లు మాత్రం వేలెడు కూడా కదల్లేదు. ఇళ్ళకి మనలా మొహమాటం ఉండదు.

పదకొండింటికి ఇంజనీరు సుబ్రహ్మణ్యేశ్వరరావుగారు స్కూటరు దిగారు. టేపు ఒక కొస తాతారావు పట్టుకున్నాడు. నాలుగు వాటాలు కాగితంలో ఉన్నట్టే ఉన్నాయి. మూడో వాటా ఇరవై అడుగులుండాల్సింది, పదహారు తేలింది.

"పెరిగిందని రాయాల్సింది పోయి తగ్గిందని రాయాల్సొస్తుందండి," అన్నారాయన. నిజంగానే బాధపడ్డారు. పెన్ను మూత పెట్టేశారు.

"టీ తాగి వెళ్దురుగాని కూర్చోండి బాబూ," అంది లోవమ్మ. పొయ్యి మీద పాలు పెట్టింది. పంచదార డబ్బా ఇంకా వీధిలోనే మూటలో ఉందని గుర్తొచ్చి బయటికెళ్తూ, "సువర్ణమ్మా, కాస్త పాలు చూస్తుండండి," అంది.

సువర్ణ పొయ్యి ముందు నిలబడింది. పాల మీద మీగడ ముడుతలు పడుతోంది. చేతిసంచిలో ఫోన్ మోగింది. ఏజెంటే అయ్యుంటాడు. మంగరాజు గుమ్మంలోంచి, "తియ్యక్కా, ఆ వీసా కూడా పోతుంది," అన్నాడు. గిన్నె అంచుల దగ్గర నురగ లేచింది. గృహప్రవేశం నాడు మేడమ్ పిలిస్తే తల తిప్పింది. ఇవాళ తిప్పలేదు. ఫోన్ మోగి మోగి ఆగిపోయింది. పాలు లేచాయి, ఇంకా లేచాయి. పొయ్యి కట్టెయ్యడానికి ఆవిడకి చెయ్యి రాలేదు.

మూడు పక్కలా పొంగి పొయ్యి మీదికి పారాయి.

"అయ్యో, టీకి పాలు!" అంటూ లోవమ్మ పరుగెత్తుకొచ్చి, సువర్ణ మొహం చూసి ఆగిపోయింది. పొయ్యి తగ్గించి, వేలితో కాస్త పసుపు తీసి గిన్నె అంచుకి రాసింది.

బీరువా కిర్రుమంది. చుట్టబోతున్న టేపు కొస తాతారావు చేతిలోంచి జారి గోడ వెంట పోయింది.

ఇంజనీరుగారు పెన్ను మూత తీశారు. "మళ్ళీ పట్టండి," అన్నారు.

మూడో వాటా ఇరవై అడుగులకొచ్చి, పైన ఇంకో జానెడు పెరిగింది. ఆయన మిగతా నాలుగూ మళ్ళీ కొలిచారు. అన్నిటికీ తలో జానెడు. చెమట తుడుచుకుని కాగితం మీద రాసుకున్నారు.

"కారణం కింద ఏం రాస్తారండి?" అన్నాడు మంగరాజు భయంగా.

"యజమాని ఇంట్లో దిగేరని రాస్తానండి. ఏం, దిగలేదా?"

"దిగేరండి, ఆయ్," అంది లోవమ్మ, సువర్ణ నోరు తెరిచే లోపే. "వచ్చే నెల నుంచి మా అద్దె కూడా పెంచి రాసుకోండి. నల్ల టీ ఇస్తాను, పాలు లేవు."

టీ తాగి ఆయన వెళ్ళాక, మోటారు వెయ్యడానికి సువర్ణ మెట్ల కిందకి వంగబోయింది. వంగాల్సిన పని లేకపోయింది. నిన్నటిదాకా మోటారూ రెండు కొబ్బరి మట్టలూ పట్టే చోటు అది. ఇప్పుడక్కడ నిలబడొచ్చు. ఒక మంచం వేసుకోవచ్చు, తలవైపు పెట్టె కూడా పెట్టుకోవచ్చు. అద్దెకివ్వడానికి చాలదు. ఒక మనిషికి సరిపోతుంది.

మళ్ళీ ఫోన్ మోగింది. ఈసారి తీసింది.

"ఎక్కడున్నారమ్మా? పాస్‌పోర్టు తెస్తున్నారా, లేదా?"

సువర్ణ గోడకి చెయ్యి ఆనించింది.

"రావట్లేదండి," అంది. "ఇంట్లో ఉన్నాను."