హిస్టరీ సెక్షన్ వాళ్లు

ఐటీ టవర్ ఏడో అంతస్తులో లిఫ్టుల ముందు, ఫినాయిల్ నీళ్ల బకెట్లో పుణ్యవతి నోట్సు మునిగిపోవడం తేజస్విని కళ్లారా చూసింది. పద్నాలుగు కాగితాలు. మధ్యాహ్నం కాలేజీలో ఇంటర్నల్ పరీక్ష ఉంది. నైజాం రైతులు దొరల మీద ఎట్లా తిరగబడ్డారో ఆ కాగితాల్లో పుణ్యవతి గుండ్రటి అక్షరాల్లో రాసుకుంది. తుడుస్తూ తుడుస్తూ ఏప్రాన్ జేబులోంచి తీసి ఒక్క కాగితం చూసుకుంది, అంతే. సూపర్‌వైజరు గిరీష్ వెనకనుంచి వచ్చి మొత్తం లాక్కున్నాడు.

"డ్యూటీల చదువేంది?" అని రెండు వేళ్లతో పట్టుకుని బకెట్లో వదిలాడు. "ఇగ తుడువు."

పుణ్యవతి తుడిచింది. లిఫ్టు తెరుచుకుంది. మెడలో బ్యాడ్జీలున్న నలుగురు దిగి, తడినేల మీద జారకుండా అడుగులు చూసుకుంటూ వెళ్లిపోయారు. బకెట్ నీళ్లు నీలంగా మారాయి. తేజస్విని చేతిలో రెండో మాప్ ఉంది. దాంతో వాడి నెత్తి పగలగొట్టాలనిపించింది. పగలగొట్టలేదు. చేతిలో కట్టె ఉండీ ఊరుకున్నందుకు ఆ తర్వాత పది రోజులు తనను తానే తిట్టుకుంది.

ఆ ఇద్దరూ అక్కడికి కూలికి వచ్చినవాళ్లు కాదు. ఆ టవర్ల వెనక, చుట్టూ అద్దాల మేడలు లేచి ఎండ కూడా సరిగా పడని ప్రభుత్వ డిగ్రీ కాలేజీలో బీఏ రెండో సంవత్సరం పిల్లలు. హిస్టరీ సెక్షన్. మొత్తం నలభై ఎనిమిది మంది. మూడు నెలల కిందటి వరకూ వాళ్లకు వారానికి ఆరు రోజులూ క్లాసులే. ఇప్పుడు మూడు రోజులు క్లాసు, మూడు రోజులు టవర్లో చీపురు. దానికి 'ఫెసిలిటీస్ మేనేజ్‌మెంట్ అప్రెంటిస్‌షిప్' అని నోరు తిరగని పేరొకటి. కాలేజీకీ హౌస్‌కీపింగ్ కంపెనీకీ ఒప్పందమట. ఆ ఒప్పందం రోజు ప్రిన్సిపల్ విశ్వేశ్వరరావు శాలువా కప్పించుకుని ఫొటో దిగాడు.

మరి హిస్టరీ వాళ్లు ఈ కోర్సులోకి ఎట్లా వచ్చారు? వాళ్లంతట వాళ్లే అడిగి మారినట్టు కంప్యూటర్లో ఉంది. ఒకే కాలేజీలో ఒక గ్రూపులోంచి ఇంకో గ్రూపుకు మారడాన్ని స్లైడింగ్ అంటారు. విద్యార్థి ఫోనుకు ఓటీపీ వస్తుంది. అది చెబితే విద్యార్థి ఒప్పుకున్నట్టే.

ఆ ఓటీపీలు చెప్పించింది తేజస్వినే. "హాజరు అప్‌డేట్ చెయ్యాలమ్మా, నువ్వు క్లాస్ లీడరువి, కాస్త దగ్గరుండి చూసుకో" అన్నాడు ప్రిన్సిపల్. ఆమె పొంగిపోయింది. కంప్యూటర్ ల్యాబులో బెంచీ బెంచీకీ తిరిగి, ఫోను మోగినప్పుడల్లా ఆరంకెలూ గట్టిగా చదివి గుమాస్తాకు చెప్పింది. స్క్రీన్ మీద ఏముందని ఒక్కరూ చూడలేదు. ఎందుకు చూస్తారు? పదో తరగతి మెమో నుంచి కులం సర్టిఫికెట్ దాకా నెట్ సెంటర్లో ఎవరో అడగడం, వీళ్లు అంకెలు చెప్పడం, అట్లానే పెరిగారు. అడిగినవాడికల్లా ఓటీపీ చెప్పడం మన పేదిళ్ల పిల్లలకు నేర్పిన మొట్టమొదటి చదువు.

తేజస్విని తల్లి భాగ్యమ్మ అనంతపురం నుంచి వచ్చి పదిహేనేళ్లుగా అదే టవర్లో తొమ్మిదో అంతస్తు తుడుస్తోంది. తండ్రి తిమ్మప్ప నార్సింగిలో ఒక అపార్ట్‌మెంటుకు వాచ్‌మన్. యూనిఫారం వేసుకున్న కూతురు మొదటిరోజు సర్వీస్ లిఫ్టులో ఎదురుపడితే భాగ్యమ్మ ఆమె చేతిలో మాప్ కర్రను పట్టుకుంది.

"నా చేతిలో కట్టె నీ చేతికి రాకూడదనే కదే నిన్ను కాలేజీకి పంపింది" అంది. "కాలేజీనే తెచ్చి పెట్టిందా?"

నోట్సు మునిగిన రోజు సాయంత్రం సెక్షనంతా సైకిల్ స్టాండు దగ్గర కూడింది. జీడిమెట్ల నుంచి రెండు బస్సులు మారి వచ్చే దినేష్ అందరికంటే ముందు లేచాడు.

"ముందు గీమెను అడుగుండ్రి. ఓటీపీలు జెప్పింది గీమెనే."

"నేనే" అంది తేజస్విని. "నా నోటితోనే చెప్పినా. మీ అందరి డిగ్రీలు నేనే తీసుకపోయి వాళ్ల చేతిలో పెట్టినా. నన్ను తిట్టాలంటే తిట్టండి, కొట్టాలంటే కొట్టండి. కానీ తిట్టి ఇంటికి పోతే వాళ్లకే మంచిది."

దినేష్ మళ్లీ కూర్చున్నాడు. హిస్టరీ చెప్పే వాసంతి మేడం చుట్టూ చూసుకుంటూ వచ్చి అక్కడ నిలబడింది. "నేను కాంట్రాక్టు దాన్నండి, నా పేరెక్కడా రానివ్వకండి" అని, అసలు సంగతి చెప్పింది. "ప్రిన్సిపల్ సంతకం పెడితే స్లైడింగ్ రద్దవుతుంది. అదీ ఈ నెలాఖరు లోపే. ఆ తర్వాత హాల్‌టికెట్లు కొత్త కోర్సు పేరుతోనే వస్తాయి. మీరిక హిస్టరీ వాళ్లు కారు."

ఇంకా పది రోజులే గడువుంది.

"పోయి ప్రిన్సిపల్ రూం అద్దాలు పలగ్గొడదం" అన్నాడు దినేష్. "గప్పుడు ఎరుకైతది."

"అద్దం పగిల్తే రేపు కొత్తది పెట్టుకుంటారు" అంది తేజస్విని. "ఆయన పరువు పగలగొట్టాల. అది మళ్లీ దొరికేది కాదు."

పరువు పోయే రోజు దగ్గర్లోనే ఉంది. కాలేజీకి గ్రేడు ఇచ్చే కమిటీ మరో వారంలో వస్తోంది. దానికోసం విశ్వేశ్వరరావు గోడలకు సున్నం వేయించాడు, కుండీలు కిరాయికి తెప్పించాడు, పిల్లలు ఏం చెప్పాలో కూడా రాసిచ్చాడు.

"కంపెనీలో ఏం నేర్చుకున్నారని అడుగుతారమ్మా. కమ్యూనికేషన్ స్కిల్స్ అని చెప్పాలి. నువ్వే ముందు కూర్చో, బాధ్యత తెలిసిన పిల్లవి" అన్నాడు తేజస్వినితో.

"సరే సార్" అంది తేజస్విని. ఆ మాటకు ఆమె నాలుక మీద తీపి తగిలింది. పగ తీపిగా ఉంటుందని పుస్తకాల్లో రాయరు గానీ, ఉంటుంది.

కమిటీ వచ్చిన రోజు పదకొండు గంటలకు సెమినార్ హాల్లోకి నలభై ఎనిమిది మందీ టవర్నుంచి నేరుగా వచ్చారు. బూడిదరంగు యూనిఫారాలు, చేతుల్లో మాపులు, చీపుర్లు. నేల మీద నీళ్లు కారుస్తూ ముందు వరసల్లో కూర్చున్నారు. విశ్వేశ్వరరావు ముఖం కొత్తగా సున్నం వేసిన గోడకంటే తెల్లబడింది.

కమిటీలో పెద్దావిడ కళ్లద్దాలు సర్దుకుంది. "మీరు ఏ కోర్సమ్మా?"

తేజస్విని లేచింది. "హిస్టరీ. ఏడో అంతస్తు, ఆడవాళ్ల బాత్రూములు."

పుణ్యవతి లేచింది. "హిస్టరీ. ఏడో అంతస్తు, లిఫ్టుల ముందు."

"హిస్టరీ. బేస్‌మెంటు, చెత్త" అన్నాడు దినేష్.

ఒకరి తర్వాత ఒకరు నలభై ఎనిమిది మందీ లేచి చెప్పారు. మధ్యలో ఆపబోయిన ప్రిన్సిపల్‌ను ఆ పెద్దావిడే చేయెత్తి ఆపింది. అందరిదీ అయ్యాక తేజస్విని వేదిక ఎక్కి తన మాప్ ఆయన ముందు పెట్టింది.

"మూడు నెలలుగా మా ప్రాక్టికల్స్ జరుగుతున్నాయి సార్. మార్కులు వేసే మీరు ఒక్కసారి చేసి చూపించండి."

ఏం చేయాలో తోచక ఆయన దాన్ని పట్టుకున్నాడు. పట్టుకున్న మరుక్షణం తప్పు తెలిసింది, వదిలేశాడు. అప్పటికే హాల్లో ప్రతి ఫోనూ పైకి లేచి ఉంది. మధ్యాహ్నానికి ఆ ఫొటో మియాపూర్ మెట్రోలో నిలబడి ప్రయాణం చేసేవాళ్ల చేతుల్లోకి కూడా వెళ్లింది.

ప్రిన్సిపల్ ఫోను చేస్తే ఒంటిగంటకు పోలీసులొచ్చారు. పన్నెండు మందిని పేర్లు పెట్టి పిలిస్తే నలభై ఎనిమిది మందీ వ్యాన్లెక్కారు.

కబురు తెలిసినప్పుడు భాగ్యమ్మ తొమ్మిదో అంతస్తులో ఉంది. బకెట్ నీళ్లు మార్చి, తీసుకెళ్లి గిరీష్ కాళ్ల దగ్గర పెట్టింది. "తుడువు నాయనా" అని మెట్లు దిగింది. ఉద్యోగాలు పోతాయని వాడు అరుస్తూనే ఉన్నాడు. పంతొమ్మిది అంతస్తుల ఆడవాళ్లు ఆమె వెనకే దిగారు. పక్క టవర్ల వాళ్లు చూసి వాళ్లూ దిగారు. యూనిఫారాల్లోనే, ఎండలో, స్టేషన్ దాకా నడిచారు.

నాలుగు గంటలకు ఎస్సై పిల్లలతో, "క్షమాపణ రాసిచ్చి పొండి" అన్నాడు. ఎవరూ రాయలేదు. కిటికీలోంచి బయటికి చూసి వచ్చి, "రాయకున్నా సరే, పొండిగ, జర పరేషాన్ చెయ్యకుండ్రి" అన్నాడు. ఎవరూ లేవలేదు.

"తెచ్చింది మీరు. పోవడం మా ఇష్టం" అంది తేజస్విని. "మమ్మల్ని మోసం చేసి కోర్సు మార్చినాడని ఆయన మీద కేసు రాయండి. లేదంటే ఆయన్నే పిలిపించండి, రద్దు కాగితం మీద సంతకం పెట్టిపోతాడు. అంతవరకు ఇక్కడే మా క్లాసు."

దినేష్ గోడకు ఆనుకుని కూర్చుని, పుణ్యవతికి మళ్లీ మొదటినుంచీ నోట్సు చెప్పడం మొదలుపెట్టాడు. ఆమె కానిస్టేబుల్‌ను అడిగి తెల్లకాగితాలు తీసుకుంది.

ఆఫీసులు వదిలే వేళకు, ఎస్సై పిలిపించిన విశ్వేశ్వరరావు కారు స్టేషన్ వీధి మొదట్లో ఆగిపోయింది. ముందుకు దారి లేదు. దిగి నడవాల్సి వచ్చింది. గేటు దాకా రెండు వందల మంది బూడిదరంగు చీరకొంగులు దోపుకుని నిలబడి ఉన్నారు. ఎవరూ ఆయన్ను తాకలేదు, తిట్టలేదు. చూశారు, అంతే. అంతమంది పనివాళ్లు తన ముఖంలోకి సూటిగా చూడటం ఆయన జీవితంలో అదే మొదటిసారి. గేటు దగ్గర భాగ్యమ్మ అడ్డంగా ఉంది.

"కొంచెం జరగమ్మా" అన్నాడాయన.

"జరిగీ జరిగీ గోడ దాకా వచ్చినాం సార్" అంది భాగ్యమ్మ. "ఇంక మీరే జరగాల."

ఆమె వెనక ఒక్క కాలు కూడా కదల్లేదు. ఆయన ఒంటిని పక్కకు తిప్పుకుని, గేటు ఊచలకు చొక్కా రాసుకుంటూ లోపలికి నడిచాడు. తేజస్విని రద్దు కాగితం బల్ల మీద పరిచి, పెన్ను మూత తీసి పక్కన పెట్టింది. ఆయన దాన్ని అందుకున్నాడు. నలభై ఎనిమిది మంది లేచి నిలబడ్డారు.